తేదీ చెప్పాలా, లోకం చూపాలా? ఫ్యాంటసీ సినిమా నిరీక్షణపై తెగని తగువు

2025 జనవరి 2న హైదరాబాద్ అల్యూమినియం ఫ్యాక్టరీలో మహేశ్‌బాబు, రాజమౌళి సినిమాకు పూజ జరిగింది. చిత్రబృందం ఒక్క ఫొటో కూడా బయటికి వదల్లేదు. ఆ తర్వాత నెలల తరబడి అభిమానుల ఫిర్యాదు ఒకటే: ఏమీ చెప్పడం లేదని. అదే ఏడాది మరికొందరు అభిమానుల ఫిర్యాదు సరిగ్గా దీనికి తలకిందులు. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ చివర్లో ‘జై హనుమాన్’ 2025లో వస్తుందని తెర మీదే వేశారు. 2025 వెళ్లిపోయింది, సినిమా రాలేదు. చిరంజీవి ‘విశ్వంభర’కు 2025 జనవరి 10 అని ముందే ప్రకటించారు. తర్వాత ఆ తేదీని ‘గేమ్ ఛేంజర్’కు వదిలేశారు, ఆపై 2026 వేసవి అన్నారు. చెప్పకపోతే ఒక తప్పు, చెప్పి చేయకపోతే ఇంకో తప్పు. ఫిల్మ్‌నగర్‌లో ఇప్పుడు ఏ నిర్మాణ సంస్థ తలుపు తట్టినా ఈ రెండు తప్పుల మధ్య నలుగుతున్నవారే కనిపిస్తారు.

ఈ చర్చ కొత్తది కాదు గానీ గత పదేళ్లలో బాగా చిక్కుపడింది. టీజర్ ఎప్పుడు వదలాలి, టికెట్ ఎంత పెట్టాలి, ప్రీమియర్‌కు హీరో వెళ్లొచ్చా, గ్రాఫిక్స్ బాగోలేదంటే వాయిదా వేయాలా అన్నవన్నీ ఒకే మూటలో కలిసిపోయాయి. ఎవరు ఏ మాటకు జవాబు చెబుతున్నారో తెలియడం లేదు. ఫ్యాంటసీ సినిమాల దగ్గర ఈ చిక్కు మరీ ఎక్కువ. కారణం సాంకేతికమైనది. కుటుంబకథా చిత్రం టీజర్‌లో కనిపించేది నటుల ముఖాలు, నాలుగు మాటలు. షూటింగ్ రోజునే అవి దాదాపు పూర్తయి ఉంటాయి. ఫ్యాంటసీ టీజర్‌లో కనిపించేది ఇంకా పుట్టని రాజ్యం. ఆకుపచ్చ తెర ముందు తీసిన షాట్‌కు కోట, సైన్యం, ఆకాశం అన్నీ తర్వాత అతకాలి. నిరుడు చూపించిన షాట్, రేపు థియేటర్లో కనిపించే షాట్ ఒకటే అన్న పూచీ ఎవరూ ఇవ్వలేరు.

పోస్టరు చెప్పినంతే తెలిసిన కాలం

‘పాతాళభైరవి’ 1951లో, ‘మాయాబజార్’ 1957లో వచ్చాయి. అప్పటికి పరిశ్రమ మద్రాసులో ఉంది. సినిమా గురించి ముందుగా తెలిసేది వాల్‌పోస్టరు చెప్పినంత, పత్రిక ప్రకటన చెప్పినంత, ఊళ్లోకి వచ్చిన మైకు బండి అరిచినంత. ఘటోత్కచుడి మాయలు ఎలా తీశారో సినిమా చూశాక కూడా తెలిసేది కాదు. అంతమాత్రాన జానపద చిత్రానికి ముందస్తు నిరీక్షణ లేదనుకుంటే పొరపాటు. విజయా సంస్థ నడిపిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947లో ‘చందమామ’ మొదలుపెట్టారు. మాంత్రికులు, రాజకుమార్తెలు, సాహసవీరులు నెలనెలా ఇంటికొచ్చే పిల్లల తరం ఒకటి అలా తయారైంది. ఆ లోకం మీద ఆశ ఏ ఒక్క సినిమా కోసమో పుట్టలేదు. సినిమా వచ్చేసరికి అది అక్కడే సిద్ధంగా ఉంది.

హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలై, తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చి, జూబ్లీహిల్స్ కొండల మీద పరిశ్రమ స్థిరపడేనాటికి హీరోల అభిమాన సంఘాలు బలపడ్డాయి. 1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ విడుదలైన రోజే కోస్తాను తుపాను ముంచెత్తింది. థియేటర్లు తడిసి ముద్దయినా ఆ సినిమా నిలబడి, పెద్ద విజయం సాధించింది. తొలిరోజు నష్టాన్ని తర్వాతి వారాలు పూడ్చగలిగిన కాలం అది. ఆ వెసులుబాటు ఇప్పుడు లేదు. ఈ చర్చలో చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. అప్పట్లో నిరీక్షణ వంద రోజుల మీదికి పరుచుకునేది. ఇప్పుడది మొదటి మూడు రోజుల్లోకి కుదించుకుపోయింది.

మధ్యలో ‘అంజి’ ఒక హెచ్చరిక. శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మాతగా, కోడి రామకృష్ణ దర్శకత్వంలో 1997లో మొదలైన ఆ సినిమా 2004 జనవరి 15న గానీ తెర మీదికి రాలేదు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కు జాతీయ అవార్డు దక్కింది, డబ్బు మాత్రం రాలేదు. ఏడేళ్లపాటు పెరిగిన ఊహను ఏ సినిమా అందుకోగలదన్న ప్రశ్న ఫిల్మ్‌నగర్‌లో అప్పుడే పుట్టింది. అప్పటికి సోషల్ మీడియా లేదు, అప్‌డేట్ అన్న మాటకు ఈ అర్థం లేదు. అయినా ఆలస్యం సినిమాను ఎలా తినేస్తుందో అందరూ చూశారు. ఐదేళ్ల తర్వాత 2009లో ‘అరుంధతి’తో అదే దర్శకుడు, అదే నిర్మాత తిరిగి లేచారు. ఆ ఏడాదే జులై 31న ‘మగధీర’ వచ్చింది. గ్రాఫిక్స్ మీద తెలుగు ప్రేక్షకుడికి నమ్మకం కుదిరింది ఆ రెండింటితోనే అనొచ్చు.

కట్టప్ప మార్చిన లెక్క

2015 జులై 10కి ముందు, తర్వాత అని ఈ కథను రెండుగా విడదీయాలి. ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్యతో ఆగిపోయింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 21 నెలలకు పైగా దేశమంతా తిరిగింది. రెండో భాగం 2016లో వస్తుందని మొదట అనుకున్నారు. చివరికి 2017 ఏప్రిల్ 28న వచ్చింది. ఆలస్యాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. వెయ్యి కోట్ల గ్రాస్ దాటిన తొలి భారతీయ చిత్రం అదే అయింది.

ఈ విజయాన్ని పరిశ్రమ ఎలా చదివిందన్నది ముఖ్యం. ఎక్కువమంది దీన్ని రెండు భాగాల వ్యాపారంగా చదివారు. కథను మధ్యలో ఆపితే ఎదురుచూపు దానంతటదే పెరుగుతుందని లెక్క వేశారు. ఆ లెక్కతో వచ్చిన మొదటి భాగాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటి రెండో భాగాలు ఎప్పుడొస్తాయో ఇప్పటికీ తెలియదు. నిజానికి ‘బాహుబలి’ విషయంలో అభిమానుల చేతికి దొరికింది ఒక ప్రశ్న. దానికి ఎవరి జవాబు వారు కట్టుకున్నారు. తల్లి ఆజ్ఞ అన్నారు, బల్లాలదేవుడి కుట్ర అన్నారు, ద్రోహమే కాదన్నారు. నిర్మాణ సంస్థ రోజూ పోస్టరు వదలకపోయినా నిరీక్షణ తనంతట తాను నడిచింది. దాని చుట్టూ మదన్ కార్కి అల్లిన కిలికి భాష, ఆనంద్ నీలకంఠన్ రాసిన శివగామి నవల, యానిమేషన్ సిరీస్, 2017లో బెంగళూరుకు చెందిన మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ చేసిన మొబైల్ గేమ్ ఉన్నాయి. ఆ గేమ్‌లో మాహిష్మతిని కట్టుకోవడం, కాలకేయులను ఎదుర్కోవడం ఆటగాడి పని. అంటే రెండో భాగం వచ్చేదాకా అభిమాని ఆ రాజ్యంలో తిరగడానికి కొన్ని దారులు తెరిచి పెట్టారు. తేదీ మీద ఒత్తిడి లేకుండా లోకం మీద ఆసక్తి నిలబెట్టడం అక్కడ జరిగింది. తర్వాత వచ్చిన చాలామంది తేదీనే పట్టుకున్నారు, లోకాన్ని వదిలేశారు.

‘కల్కి 2898 ఏడీ’ ఇందుకు మినహాయింపు. 2023 జులైలో అమెరికాలోని శాన్‌డియేగో కామిక్ కాన్‌లో ‘ప్రాజెక్ట్ కె’ అసలు పేరు చెప్పారు. విడుదలకు ముందు 2024 మే 22న రామోజీ ఫిల్మ్‌సిటీలో బుజ్జి అనే వాహనాన్ని నిజంగానే నడిపి చూపించారు. మే 31న ‘బుజ్జి అండ్ భైరవ’ యానిమేషన్ భాగాలు ఓటీటీలో వచ్చాయి. కాశీ, కాంప్లెక్స్, శంబల అనే మూడు చోట్ల పేర్లు సినిమా రాకముందే జనం నోట్లో నానాయి. అప్పటికి ఆ సినిమా కూడా రెండు తేదీలు దాటింది. 2024 జనవరి 12 అన్నారు, తర్వాత మే 9 అన్నారు. దాన్ని తీసిన వైజయంతీ సంస్థకు మే 9 అంటే ప్రత్యేకమైన ప్రేమ: ‘జగదేకవీరుడు’, ‘మహానటి’, ‘మహర్షి’ మూడూ ఆ తేదీనే వచ్చాయి. మే 13న తెలుగు రాష్ట్రాల్లో పోలింగ్ ఉండడంతో అదీ కుదరక జూన్ 27కు వెళ్లింది. ఆలస్యం గురించి అరిచినవాళ్లు ఉన్నారు గానీ, చూడడానికి చేతిలో ఏదో ఒకటి ఉండడంతో ఆ అరుపు మరీ చేదెక్కలేదు.

ముందే చెప్పేవారి వాదం, దాచేవారి వాదం

ముందుగా ప్రకటించాలనేవారి వాదనకు వ్యాపారమే వెన్నెముక. నాలుగు వందల కోట్ల సినిమాకు డబ్బు ఒక్కరి జేబు నుంచి రాదు. హిందీ, తమిళ హక్కులు, ఓటీటీ, మ్యూజిక్, అమెరికా పంపిణీ అన్నీ ముందే మాట్లాడుకోవాలి. సినిమా ఉందని ప్రపంచానికి తెలిస్తేనే ఆ మాటలు నడుస్తాయి. పైగా సంక్రాంతి, దసరా వంటి పండగ తేదీలు ఏడాది ముందే పోతాయి. తేదీ వేసుకోకపోతే ఇంకొకరు వేసుకుంటారు. ‘ఆర్ఆర్ఆర్’ దీనికి నిలువెత్తు ఉదాహరణ. 2019 మార్చి 14న రాజమౌళి విలేకరుల సమావేశం పెట్టి కథ మూలం, హీరోల పాత్రలు, 2020 జులై 30 అనే విడుదల తేదీ అన్నీ చెప్పేశారు. కథ ముందే తెలిస్తే ప్రేక్షకుడు తప్పుడు ఆశలతో రాడన్నది ఆయన పాత నమ్మకం.

ఆ తేదీ ఏమైందో అందరికీ తెలిసిందే. 2021 జనవరి 8, అక్టోబర్ 13, 2022 జనవరి 7 దాటి చివరికి 2022 మార్చి 25. మధ్యలో ఒకసారి మార్చి 18 లేదా ఏప్రిల్ 28 అని రెండు తేదీలు ప్రకటించి, రెండూ కాకుండా వచ్చారు. కోవిడ్ కాలంలో ఎవరినీ తప్పు పట్టలేం. కానీ తేదీ మీద నమ్మకం సన్నగిల్లడం అక్కడే మొదలైంది. ఇప్పుడు ఏ పెద్ద సినిమా తేదీ ప్రకటించినా కింద మొదట పడే కామెంట్ ‘ఇది ఫైనలా?’ అనే.

దాచేవారి వాదం కూడా అదే దర్శకుడి నుంచి రావడం ఈ చర్చలోని తమాషా. మహేశ్‌బాబుతో తీస్తున్న ‘వారణాసి’కి ఆయన పాత పద్ధతి పూర్తిగా వదిలేశారు. విలేకరుల సమావేశం లేదు, కథ చెప్పడం లేదు. 2025 ఆగస్టు 9న మహేశ్ పుట్టినరోజుకు మెడలోని లాకెట్ మాత్రం చూపించి, నవంబర్ దాకా ఆగమన్నారు. నవంబర్ 15న రామోజీ ఫిల్మ్‌సిటీలో భారీ వేదిక మీద పేరు, లోకం ఒక్కసారిగా చూపించారు. నిశ్శబ్దం ఇచ్చే బలం ఇదేనని దాచేవారు అంటారు. చిన్న చిన్న అప్‌డేట్లతో ఆసక్తిని అరగదీయకుండా, చూపించే రోజున గ్రాఫిక్స్ పూర్తయిన నాణ్యతతో చూపించొచ్చు.

దీనికి ఎదురు వాదనా ఉంది. నిశ్శబ్దం అనేది సంస్థ చేతిలో ఉన్నంతసేపే నిశ్శబ్దం. అదే ఏడాది మార్చిలో ఒడిశా కోరాపుట్ ప్రాంతంలో షూటింగ్ వీడియో ఒకటి బయటికి వచ్చింది. అధికారికంగా ఏమీ లేనప్పుడు లీకే అప్‌డేట్ అయిపోతుంది. ఇంకో మాట కూడా ఉంది. ఈ పద్ధతి రాజమౌళికి చెల్లుతుంది, నాలుగో సినిమా తీస్తున్న దర్శకుడికి చెల్లదు. పేరు చెబితే చాలు కొనేవాళ్లు ఉన్నప్పుడే మౌనం అందం.

నా అభిప్రాయంలో ఈ రెండు వర్గాలూ ఒక తేడాను పట్టించుకోవడం లేదు. లోకం గురించిన మాట వేరు, తేదీ గురించిన మాట వేరు. మాహిష్మతి ఎలా ఉంటుందో చూపిస్తే ఎవరికీ అప్పు పడరు. నచ్చితే అభిమాని దాన్ని పెంచుకుంటాడు, నచ్చకపోతే వదిలేస్తాడు. తేదీ చెప్పిన క్షణం నుంచి మాత్రం ఇతరుల డబ్బు, థియేటర్లు, సెలవులు అందులో ఇరుక్కుంటాయి. ముందుగా చెప్పడం మంచిదా చెడ్డదా అని తగువు పడుతున్నవారిలో చాలామంది ఈ రెంటినీ ఒకటిగా లెక్కపెట్టి, ఒకదాని పాపాన్ని ఇంకోదాని నెత్తిన రుద్దుతున్నారు.

టీజర్‌కు శిక్ష

లోకం చూపించడంలోనూ ప్రమాదం లేకపోలేదు. 2022 అక్టోబర్ 2న అయోధ్యలో సరయూ ఒడ్డున విడుదలైన ‘ఆదిపురుష్’ టీజర్‌ను జనం ఏకిపారేశారు. 2023 జనవరి 12న రావాల్సిన సినిమాను నెల దాటగానే జూన్ 16కు వాయిదా వేశారు. మరో ఐదు నెలలు గ్రాఫిక్స్ మీద పని జరిగింది. విడుదలయ్యాక విమర్శ మళ్లీ మొదలైంది, కొన్ని డైలాగులు కూడా మార్చాల్సి వచ్చింది. అయినా మొదటి మూడు రోజుల వసూళ్లు భారీగానే ఉన్నాయి. టీజర్ చూసి తిట్టినవాళ్లే టికెట్ కొన్నారన్నమాట. ఆ తర్వాత సోమవారం నుంచి ఏమైందన్నది వేరే సంగతి.

‘విశ్వంభర’ టీజర్ 2024 దసరాకు వచ్చినప్పుడూ గ్రాఫిక్స్ మీదే దుమారం. ఆ తర్వాత సినిమాను చాలాకాలం బయటికి తీసుకురాలేదు. 2025 ఆగస్టులో చిరంజీవి స్వయంగా వీడియో పెట్టి, ఆలస్యానికి గ్రాఫిక్స్ పనే కారణమని చెప్పారు. ఈ రెండు ఉదాహరణలను అభిమానుల విజయంగా చెప్పుకునే వర్గం ఉంది. ట్రోలింగ్ వల్లే నాణ్యత పెరిగిందని వారి మాట. గ్రాఫిక్స్ స్టూడియోల్లో పనిచేసేవారి వైపు నుంచి చూస్తే బొమ్మ ఇంకోలా ఉంటుంది. టీజర్‌లోని షాట్లు ముందుగా పూర్తి చేయాలంటే సినిమా వరసలో నడుస్తున్న పనిని పక్కన పెట్టాలి. టీజర్ జనానికి నచ్చకపోతే మొత్తం శైలినే మార్చమంటారు. పారితోషికం మాత్రం మొదటి ఒప్పందం ప్రకారమే ఉంటుందన్న అసంతృప్తి ఈ రంగంలో ప్రపంచమంతటా ఉన్నదే.

‘హనుమాన్’ దీనికి తలకిందులుగా నిలిచింది. 2022 నవంబర్‌లో వచ్చిన టీజర్‌ను జనం ‘ఆదిపురుష్’ పక్కన పెట్టి పోల్చారు. చిన్న బడ్జెట్ సినిమా ఇంత చేసిందా అన్నారు. తక్కువ ఆశ మీద పుట్టిన ఆశ్చర్యమే ఆ సినిమాకు పెట్టుబడి. 2024 సంక్రాంతికి ‘గుంటూరు కారం’ ముందు థియేటర్లు దొరక్క ఇబ్బంది పడినా నిలబడి గెలిచింది. తర్వాతి భాగానికి మాత్రం తేదీ ముందే తెర మీద రాసుకుంది.

గేమ్‌ల ప్రపంచం నేర్పేది ఎంత?

ఈ చర్చలో యువ అభిమానులు తరచూ వీడియో గేమ్‌ల మాట తెస్తారు. పోలిక సహజమైనదే. పెద్ద ఫ్యాంటసీ గేమ్‌కూ ఏళ్లు పడుతుంది, ముందుగా చూపించేది చాలాసార్లు పూర్తికాని లోకమే. జూబ్లీహిల్స్‌కూ గేమ్‌లకూ ఇప్పుడు చుట్టరికం కూడా కలిసింది. 2025 జూన్‌లో వచ్చిన హిదెయో కొజిమా గేమ్ ‘డెత్ స్ట్రాండింగ్ 2’లో రాజమౌళి, ఆయన కుమారుడు కార్తికేయ ముఖాలు పాత్రలుగా కనిపిస్తాయి.

బెథెస్డా అనే అమెరికా సంస్థ ఒక్కటే మూడు పద్ధతులకూ నమూనా. 2010 డిసెంబర్‌లో ప్రకటించిన ‘స్కైరిమ్’ 2011 నవంబర్ 11న, చెప్పిన తేదీకే వచ్చింది. 2018 జూన్‌లో ‘ది ఎల్డర్ స్క్రోల్స్ 6’ అని కొండలు, పేరు మాత్రం కనిపించే చిన్న టీజర్ వదిలారు. ఏడేళ్లు దాటినా ఆ గేమ్‌కు విడుదల తేదీ కూడా లేదు. అదే సంస్థ 2025 ఏప్రిల్ 22న ‘ఆబ్లివియన్’ కొత్త రూపాన్ని ప్రకటించిన రోజే అమ్మకానికి పెట్టింది. జనం ఎగబడి ఆడారు. అంటే నిరీక్షణే లేకుండా కూడా అమ్మవచ్చు, పాత ప్రేమ ఉంటే చాలు.

తేదీ మీద దెబ్బతిన్న గేమ్‌కు ‘సైబర్‌పంక్ 2077’ పేరు చెప్పాలి. 2012లో ప్రకటించారు. 2020 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కు, నవంబర్‌కు జరుపుకుంటూ డిసెంబర్ 10న విడుదల చేశారు. పాత కన్సోళ్లలో అది సరిగా నడవలేదు. సోనీ తన స్టోర్ నుంచి దాన్ని తీసేసి డబ్బు వెనక్కి ఇచ్చింది. తర్వాత సంస్థ నెలల తరబడి మరమ్మతు చేసి పరువు నిలబెట్టుకుంది.

ఈ పోలిక ఒక చోట ఆగిపోతుంది. గేమ్‌ను ముందుగా కొనుక్కునేది ఆటగాడు. నచ్చకపోతే వాపసు అడగొచ్చు, లోపాలుంటే మరమ్మతు వస్తుంది. తెలుగు సినిమాను ముందుగా కొనేది డిస్ట్రిబ్యూటర్. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా అడ్వాన్సులు కట్టేది ఆయన. తిరిగి ఇవ్వనక్కర్లేని అడ్వాన్సు కట్టినవాడికి సినిమా వాయిదా పడితే వడ్డీ పెరుగుతుంది. అప్పు ఇచ్చిన ఫైనాన్షియర్ ముందు కూర్చునేది ఆయనే. సినిమా పోతే మూడో రోజుకే తేలిపోతుంది, మరమ్మతుకు వ్యవధి లేదు. ‘హరిహర వీరమల్లు’ 2020లో మొదలై, దర్శకుడు మారి, 2025లోనే మార్చి 28, మే 9, జూన్ 12 అనే తేదీలు దాటి జులై 24న వచ్చింది. ఆ మధ్యకాలంలో వాయిదా వార్తలను అభిమానులు మీమ్‌లుగా చేసుకున్నారు. డిస్ట్రిబ్యూటర్‌కు మీమ్ చేసుకునే తీరిక లేదు.

పక్కపక్కన పెడితే

ఇప్పటిదాకా చెప్పిన సినిమాలను రెండు లెక్కల్లో చూడొచ్చు. లోకం బాగా చూపించి, తేదీ తప్పినవి: ‘బాహుబలి 2’, ‘కల్కి’, ‘ఆర్ఆర్ఆర్’, ‘హనుమాన్’. నాలుగూ గెలిచాయి. లోకం మీద నమ్మకం కుదరకుండా తేదీలు మారినవి: ‘ఆదిపురుష్’, ‘హరిహర వీరమల్లు’. రెంటికీ ఓపెనింగ్స్ ఉన్నాయి, ఆపై నిలకడ లేదు. ‘అంజి’ కాలంలో ఈ లెక్కలే లేవు, ఆలస్యం ఒక్కటే కనిపించింది. ఇంత చిన్న పట్టికతో సూత్రం కట్టడం దుస్సాహసమే. అయినా ఒక మాట అనొచ్చు. ‘అంజి’ తర్వాత ఆలస్యం ఒంటరిగా ఏ సినిమానూ చంపినట్టు లేదు. మరో లోపానికి తోడైనప్పుడే అది ప్రాణం తీస్తోంది.

అభిమాని ఒత్తిడి

2023 ఫిబ్రవరిలో ‘అమిగోస్’ ప్రీ రిలీజ్ వేడుకలో ఎన్టీఆర్ ఈ విషయాన్ని వేదిక మీదే తెచ్చారు. రోజూ అప్‌డేట్ అడగడం వల్ల దర్శక నిర్మాతల మీద ఒత్తిడి పెరుగుతోందని, చెప్పదగ్గ సంగతి ఉంటే ఇంట్లో భార్య కంటే ముందు అభిమానులకే చెబుతామని అన్నారు. నవ్వులు పడ్డాయి, అప్‌డేట్లు అడగడం మాత్రం ఆగలేదు. ఎలా ఆగుతుంది? పుట్టినరోజుకో పోస్టర్, పండగకో గ్లింప్స్ అన్న అలవాటు చేసింది పరిశ్రమే. ఫలానా హీరో పుట్టినరోజుకు ఏమీ రాకపోతే అవమానంగా తీసుకునే స్థితికి అభిమానులను తెచ్చి, ఇప్పుడు ఓపిక పట్టమంటే కుదరదు.

నిరీక్షణ ఒంటి మీదికి వచ్చే చోటు ఒకటుంది. అక్కడ గేమ్ ప్రపంచంతో పోలిక ఇక నిలవదు. 2024 సెప్టెంబర్ 22న ‘దేవర’ ప్రీ రిలీజ్ వేడుక హైదరాబాద్ నోవోటెల్‌లో పెడితే, జనం హాలు పట్టనంతగా వచ్చారు. వేడుకే రద్దయింది. అదే ఏడాది డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు. ఆమె కుమారుడు ప్రాణాపాయ స్థితికి వెళ్లాడు. డిసెంబర్ 13న అల్లు అర్జున్‌ను అరెస్టు చేయడం, అదే రోజు హైకోర్టు మధ్యంతర బెయిల్ ఇవ్వడం జరిగాయి. 21న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో ఇకపై బెనిఫిట్ షోలు, టికెట్ ధరల పెంపు ఉండవన్నారు. 26న దిల్ రాజు ముందుండి పరిశ్రమ పెద్దలను ముఖ్యమంత్రి దగ్గరికి తీసుకెళ్లారు. 2025 జనవరి 4న రాజమహేంద్రవరంలో ‘గేమ్ ఛేంజర్’ వేడుక నుంచి ఇంటికి వెళ్తున్న ఇద్దరు అభిమానులు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు.

బెనిఫిట్ షో అన్న పేరు ఒకప్పుడు సహాయ నిధుల కోసం వేసిన ఆటలది. ఇప్పుడా మొదటి ఆటే నిరీక్షణకు ధర నిర్ణయించే చోటు. ‘పుష్ప 2’ ప్రీమియర్‌కు తెలంగాణలో మామూలు ధర మీద 800 రూపాయలు అదనంగా వసూలు చేసుకునేందుకు అనుమతించారు. శాసనసభలో ఆ మాట చెప్పిన కొద్ది వారాలకే ‘గేమ్ ఛేంజర్’కు ధరల పెంపు ఇచ్చి, హైకోర్టు ప్రశ్నించాక వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో ‘ఓజీ’కి మళ్లీ ప్రీమియర్, మళ్లీ పెంపు, మళ్లీ కోర్టు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ ధరల జీవో మీద నడిచిన తగువు గుర్తున్నవారికి ఇది వింత కాదు. ప్రభుత్వాలు మారుతున్నాయి, సినిమా సినిమాకూ విడిగా నిర్ణయించే అలవాటు మారలేదు.

తేలనివి

మొదటిది, వాయిదా ఖర్చు ఎవరిదన్న ప్రశ్న. నిర్మాతకు కథ, గ్రాఫిక్స్ సాకుగా ఉన్నాయి. అభిమానికి కోపం చల్లార్చుకోవడానికి సోషల్ మీడియా ఉంది. ఏరియా కొన్నవాడికి, సింగిల్ స్క్రీన్ నడిపేవాడికి ఏమీ లేదు. తేదీ తప్పితే అడ్వాన్సులో కొంత వెనక్కి ఇవ్వాలన్న నిబంధన ఫిల్మ్ ఛాంబర్ స్థాయిలో పెడితే, తేదీలు ప్రకటించే ముందు రెండుసార్లు ఆలోచిస్తారని ఒక వాదం. అలా చేస్తే పండగ తేదీలను పట్టుకునే ధైర్యం పెద్ద సంస్థలకే ఉంటుందని, చిన్నవారు చితికిపోతారని ఇంకో వాదం. రెండూ నిజమే కావొచ్చు.

రెండోది, ఓటీటీ పాత్ర. సినిమా ఏ నెలలో థియేటర్లోకి రావాలో ఒప్పందాల్లో ముందే రాసుకోవడం మామూలైంది. నిర్మాత చెప్పే తేదీ వెనుక ఇంకొకరి లెక్క ఉన్నప్పుడు, అభిమాని అరిచేది ఎవరి మీద? దీనిపై బయటికి వచ్చే సమాచారం తక్కువ. అందుకే చర్చ హీరోల మీద, దర్శకుల మీద ఆగిపోతోంది.

మూడోది, నిరీక్షణకు కొత్త సినిమా అవసరమా అన్నది. 2022లో ‘పోకిరి’తో ఊపందుకున్న 4కే రీ రిలీజ్‌లు ఇప్పుడు ఒక చిన్న పరిశ్రమ. 2025 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ మళ్లీ వచ్చింది. అక్టోబర్ 31న రెండు భాగాలు కలిపిన ‘బాహుబలి: ది ఎపిక్’ వచ్చింది. కథ తెలుసు, ముగింపు తెలుసు, కట్టప్ప సంగతీ తెలుసు. అయినా జనం కాగితాలు చింపి ఎగరేశారు. వారికి కావాల్సింది ఫలితమా, పక్కవారితో కలిసి ఆ లోకంలోకి వెళ్లడమా అన్నది నిర్మాతలు ఇంకా లోతుగా చదవలేదు.

‘వారణాసి’కి ఇప్పుడు 2027 ఏప్రిల్ 7 అన్నారు. ఉగాది రోజు. నైజాం హక్కులు, ఆనాటికి ఉండే ప్రీమియర్ నిబంధనలు, అమెరికా తొలి ఆటలు ఇంకా తేలలేదు. సినిమాలోని కొన్ని షాట్లు ఇప్పుడు ఏ కంప్యూటర్లో సగం గీసి ఉన్నాయో చెప్పగలిగినవారు కొద్దిమందే. మెడలోని ఆ లాకెట్ మీద మాత్రం అభిమానులు ఇప్పటికే రెండు మూడు కథలు కట్టేశారు.